ఊరగాయ ఎట్లా అయిపోయిందంటే

ఘాలా, మస్కట్
2009

కాశమ్మా,

మామిడికాయ ఊరగాయ అప్పుడే ఎట్లా అయిపోయిందని నువ్వు అడిగితే, ఫోన్ కట్ అయినట్టు నటించాను. ఫోన్లో చెబితే రూమంతా వింటుంది. అందుకే ఊరికొస్తున్న ఖాదర్‌వలి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. కవరు గట్టిగా అతికించాను.

మా కంపెనీలో రోజుకో పుకారు పుడుతుంది. ముగ్గురు చెబితే తప్ప ఏదీ నమ్మకూడదని నేనొక నియమం పెట్టుకున్నాను. మొన్న నన్ను దూరమైనా జీతం ఎక్కువుండే సహం సైట్‌కు మారుస్తున్నారని పక్క మంచం షఫీ చెప్పాడు. నవ్వేశాను. వంటాయన ఉమర్ చెప్పాడు. అప్పుడూ నమ్మలేదు. బస్సు డ్రైవర్ కూడా సహం పోతున్నందుకు "ముబారక్, భాయ్" అని అభినందించేసరికి ముగ్గురయ్యారు. ఇంకేం, పెట్టె సర్దాను. ఏసీ గాలి తగిలే నా మంచం మా రూములోని జిలానికి ఇచ్చేశాను. అంత బరువు మోయలేనని ఊరగాయ అందరికీ పంచేశాను.

తెల్లారి సహం బస్సెక్కి కూర్చుంటే, "కౌన్ బోలా?" అని సూపర్‌వైజర్ అందరి ముందూ దింపేశాడు. ఎవరు చెప్పారో నేనూ కనుక్కుందామని బయల్దేరాను. డ్రైవర్‌కు ఉమర్ చెప్పాడట. ఉమర్‌కు షఫీ చెప్పాడట. షఫీని పట్టుకుంటే, "నువ్వే గదన్నా, నిద్దర్లో సహం పోతాండా, సహం పోతాండా అని అరిచినావు" అన్నాడు.

జిలాని మంచం తిరిగి ఇవ్వనంటున్నాడు. ఊరగాయనైతే అడిగే పనే లేదు.

నిన్న నిద్రలో, రంజాన్‌కు ఇంటికి పోతున్నానని అన్నానట. ఆ మాట షఫీ ఒక్కడే చెప్పాడు. అయినా ఈసారి ఒక్కడు చాలనుకుంటున్నాను. నువ్వు కూడా నమ్మి, కొత్త ఊరగాయ పంపకుండా అక్కడే ఉంచు.

నీ ఇంటాయన