ఇరవై ఏడేళ్ల తర్వాత నమోదైన మరణం

కామారెడ్డి జిల్లా ఎల్లారెడ్డి మండలంలో నివసిస్తున్న కిష్టయ్య, ప్రమోదల కూతురు అనిల అనే నేను, వయసు ఇరవై మూడు, భిక్నూర్ క్యాంపస్‌లో ఎం.ఏ. రెండో సంవత్సరం, బుద్ధి స్థిరంగా ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేతిరాతతో రాస్తున్న వీలునామా ఇది. ఈ వయసులో వీలునామా ఎందుకని అడగబోయేవారికి ముందే జవాబు చెబుతున్నాను. ఈ నెల పదిహేడున హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో నా ఎడమ కిడ్నీ తీసి మా అమ్మకు అమరుస్తారు. ప్రమాదం తక్కువని డాక్టర్లు చెప్పారు. తక్కువ అంటే లేదని అర్థం కాదు. పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా వీలునామా రాయవచ్చు. దానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. గతంలో రాసిన వీలునామా ఏదీ లేదు కనుక రద్దు చేయవలసిందీ లేదు.

పంపకాలకు ముందు, వీటి కారణం తెలియనివారి కోసం జరిగింది రాస్తున్నాను.

మా అమ్మ ప్రమోదకు ఎల్లవ్వ అనే అక్క ఉండేది. నాకు పెద్దమ్మ. బీడీలు చుట్టేది. 1997లో కామెర్లతో చనిపోయింది. అప్పట్లో కార్ఖానాలో కొత్త బీడీ కార్డులు ఇవ్వడం లేదు. పదిహేడేళ్ల మా అమ్మ అక్క చాట ఒళ్లో పెట్టుకుని, అక్క కార్డు మీదనే చుట్టడం మొదలుపెట్టింది. కార్డు పోతుందని మరణాన్ని పంచాయతీలో చెప్పలేదు. మా వాడలో ఇలా చేసింది మా ఇల్లు ఒక్కటే కాదు. ఆ కార్డును చూసి రేషన్ కార్డు రాశారు, రేషన్ కార్డును చూసి ఆధార్ ఇచ్చారు, ఆధార్‌ను చూసి బీడీ కార్మికుల పింఛను ఇచ్చారు. ఊరు ప్రమోద అని పిలిచే మనిషి ప్రతి కాగితం మీదా ఎల్లవ్వ అయింది. కాగితాలే ప్రమాణమైతే, మా బాపు పెళ్లి చేసుకున్నది చనిపోయిన మనిషిని.

నేను ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో పుట్టినప్పుడు నర్సు తల్లి పేరు అడిగింది. బాపు ఇంట్లో పిలిచే పేరే చెప్పాడు. నా జనన ధ్రువపత్రంలో తల్లి ప్రమోద. తమ్ముడు మహేందర్ పుట్టేసరికి బాపు జాగ్రత్త నేర్చుకున్నాడు. వాడి పత్రంలో తల్లి ఎల్లవ్వ. అమ్మ కిడ్నీలు రెండూ పాడయ్యాక ఇది బయటపడింది. కాగితం కలిసిన మహేందర్ రక్తం కలవలేదు. రక్తం కలిసిన నా కాగితం కలవలేదు. ఆసుపత్రి కౌంటర్లో ఉన్నాయన రెండు ఆధార్లూ నా జనన పత్రమూ పక్కపక్కన పెట్టి చూసి, ఎల్లవ్వ మా పెద్దమ్మ పేరని నేను చెప్పగానే, "ఈమె నీకు పెద్దమ్మ అయితది గదమ్మా, మీ అమ్మను తీస్కరాపో" అన్నాడు. అమ్మ నా పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. డీఎన్‌ఏ పరీక్ష మేమిద్దరం తల్లీకూతుళ్లమని తేల్చింది గాని, రోగి పేరు ఎవరిదన్న ప్రశ్నకు రక్తం దగ్గర జవాబు లేదు. అమ్మ ప్రమోద అని రుజువు కావాలంటే ఎల్లవ్వ చనిపోయిందని రుజువు కావాలి. అందుకు ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ అమ్మ వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు కామారెడ్డి పోయివచ్చింది.

1. ఈ వీలునామా అమలుకు నా క్లాసుమేటు హారికను నియమిస్తున్నాను. డిబేట్లలో మూడేళ్లు నాకు ఎదురుగా నిలబడింది. నా వాదనలో సందు ఎక్కడుందో నాకన్నా ముందే చూసేది. దఫేదారు దగ్గర నుంచి ఆర్డీవో దాకా ఎవరూ ఆమెను "రేపు రా" అని పంపలేరు. అంతర్ కళాశాలల పోటీలో నాకు వచ్చిన కప్పు ఆమెకు చెందుతుంది. ఆ రోజు తీర్పు తప్పని ఆమె ఇప్పటికీ అంటుంది. నేను ఒప్పుకోవడం లేదు, ఇస్తున్నాను అంతే.

2. నా లాప్‌టాప్ తమ్ముడు మహేందర్‌కు. దానితోపాటు ఒక పని కూడా. వాడి జనన రికార్డులో తల్లి పేరు సవరించమనే దరఖాస్తు రాసిపెట్టాను. జతపరచవలసిన నకళ్లు దరఖాస్తుతోనే ఉన్నాయి. సంతకం ఒక్కటే బాకీ. ఈ ఏడాదిలోగా చేయకపోతే లాప్‌టాప్ హారికకు పోతుంది. వాడి బద్ధకం నాకు తెలుసు కనుక ఈ షరతు.

3. డిబేట్లో గెలిచిన చేతి గడియారం మా బాపు కిష్టయ్యకు. "నా నోటితోనే గింత లొల్లి అయింది" అని ఆయన ఏడు నెలలుగా తల వంచుకుని తిరుగుతున్నాడు. తన భార్య పేరేమిటని అడిగితే తన భార్య పేరు చెప్పాడు. మా ఇంటి కాగితాలన్నిటిలో నిజం పలికిన మొదటి వాక్యం అది. ఆయన మీద ఏ నేరమూ లేదని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

4. పెద్దమ్మ మరణం మీద తహసీల్దార్ జరిపిన విచారణలో మేనమామ ముత్తయ్య సాక్షి సంతకానికి రానన్నాడు. "ఉన్న పింఛన్ ఊడగొట్టుకునే సదువు సదివినవ్. గిందుకేనా రోజూ బస్సెక్కింది?" అని నలుగురిలో అడిగాడు. పింఛను ఆగిన మాట వాస్తవమే. అది చనిపోయిన మనిషికి వస్తున్న పింఛను, ఆగడమే న్యాయం. బతికున్న మనిషి పేరున కొత్త దరఖాస్తు పెట్టాను, రసీదు కింద చెప్పబోయే ఫైలులో ఉంది. ఆయనకు నా జనన మరణాల నమోదు చట్టం పుస్తకం ఇస్తున్నాను. ఆలస్యపు నమోదు గురించిన సెక్షన్ కింద ఎర్ర గీత ఉంది. ఇంకేమీ ఇవ్వడం లేదు.

5. గోధుమరంగు ఫైలు అమ్మది. అందులో పెద్దమ్మ మరణం రికార్డులో లేదన్న పంచాయతీ పత్రం, తహసీల్దార్ విచారణ నివేదిక, నమోదుకు ఆర్డీవో ఉత్తర్వు, మరణ ధ్రువపత్రం నకళ్లు ఐదు, అమ్మ మూడో తరగతి దాకా చదివిన బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు ఉన్నాయి. ఆ చివరిదానిలో "ప్రమోద, తండ్రి బాలమల్లు" అని ఉంది. నలభై ఐదేళ్ల మనిషి ఉనికి ఆ ఒక్క పంక్తి మీద నిలబడింది. జిరాక్సులు ఎవరికైనా ఇవ్వండి. ముద్రా సంతకమూ ఉన్న నకలు మాత్రం రసీదు తీసుకోకుండా ఇవ్వకూడదు.

6. అమ్మమ్మ చిన్నవ్వకు పెద్దమ్మ ఫొటో. పెద్దమ్మకు ఉన్న ఒకే ఒక్క ఫొటో బీడీ కార్డు మీదిదే. చెకింగ్‌కు వచ్చేవాళ్లు కార్డుతో పోల్చుకుంటారని ఇంట్లో ఇన్నేళ్లూ దాని నకలైనా గోడకు పెట్టలేదు, దండ వేయలేదు. కార్డు తిరిగి అప్పగించే ముందు ఆ పేజీ నకలు అడిగి తీసుకుని పెద్దదిగా చేయించాను. ఇకమీదట గోడకు పెట్టవచ్చు.

ఇక్కడ నా ఓటమి ఒకటి నమోదు చేస్తున్నాను. పెద్దమ్మ మరణించిన తేదీ తెలియక మూడు నెలలు దరఖాస్తు ఆగింది. కార్ఖానాలో అడిగాను, దవాఖానలో అడిగాను, పాత జిల్లా రికార్డుల కోసం నిజామాబాద్ పోయాను. చివరికి విచారణ రోజున తహసీల్దార్ అమ్మమ్మ వైపు తిరిగి మాటవరసకు అడిగాడు. "కార్తీక పున్నమి తెల్లారి, శనివారం. ఆకు తడిపి పెట్టి పండుకున్నది, మళ్ల లేవలె" అన్నది. క్యాలెండర్ తీసి చూశారు: 1997 నవంబరు 15. నాకెందుకు చెప్పలేదని బయటికొచ్చాక గద్దించాను. "నువ్వు అందర్నీ అడిగినవ్, నన్ను అడుగలె" అన్నది.

7. కిడ్నీ ఈ వీలునామాలోని ఆస్తి కాదు. అది నేను బతికుండగా, ఇష్టపూర్వకంగా ఇస్తున్నది. నేను తిరిగి రాకపోతే, దాని వల్లనే పోయానని అమ్మ ముందు అనే హక్కు ఎవరికీ లేదు. అన్నవారిని హారిక ఇంట్లోంచి పంపించవచ్చు.

8. చివరిది అమ్మకు. దీన్ని హారిక ఆమెకు చదివి వినిపించాలి.

అమ్మా, అఫిడవిట్ మీద వేలిముద్ర వేయమన్న రోజు, "అక్క సచ్చిపోయిందని నా చేతుల్తోటి నేనే రాసిస్తనా బిడ్డా? ఇరవై ఏడేండ్ల సంది దాని పేరు మీదనే బువ్వ తిన్న" అన్నావు. నేను చట్టం చెప్పాను. నువ్వు అడిగింది చట్టం కాదని తెలిసినా చెప్పాను, ఎందుకంటే నాకు వచ్చింది అదొక్కటే. సాయంత్రం దాకా కూర్చుని వేలిముద్ర వేశావు. అక్క కోసం ఏడవడానికి నీకు అనుమతి దొరికింది ఆ రోజే.

నా విషయంలో అలా జరగకూడదు. నేను చనిపోతే ఇరవై ఒక్క రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆ గడువు దాటితే నీకు మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగడమే. నా స్కాలర్‌షిప్పు, రేషన్ కార్డులో నా పేరు, నా ఫోన్ నంబరు, ఏదీ వాడుకకు ఉంచవద్దు. ఏడవాలనుకుంటే వాకిట్లో కూర్చుని, అందరూ వినేలా ఏడువు. ఫారంలో తల్లి పేరు రాయమన్నప్పుడు ఎవరినీ రాయనీయకు. మూడో తరగతి దాకా చదివావు. ప్రమోద అని నువ్వే రాయి.

తేదీ: 2025 అక్టోబరు 12
స్థలం: ఎల్లారెడ్డి

(సంతకం) అనిల

పైన రాసిన అనిల మా ఇద్దరి ఎదుట సంతకం చేసింది. ఆమె ఎదుట మేమూ చేశాం. ఇందులో మాకు ఏ ఆస్తీ రాలేదు.

1. (సంతకం) బీరయ్య, విశ్రాంత బడి అటెండర్, ఎల్లారెడ్డి
2. (సంతకం) కృపాజ్యోతి, డయాలిసిస్ స్టాఫ్ నర్సు, కామారెడ్డి