అమ్మ పట్టుకున్న పట్టీ

ప్రియమైన అక్కకి,

అమ్మని ఎత్తే లిఫ్టు చేరిందని బావ చెప్పాడు. ఇక అమ్మని చెరో రెక్కా పట్టి లాగడం మానండి. నీ నడుము కూడా నీ చెవుల్లాగే ఇప్పటికే నీ మాట వినడం లేదు. మా ఆసుపత్రి వార్డులో అందరినీ దీంతోనే మంచం మీంచి కుర్చీలోకి మారుస్తాం.

స్లింగు, అదే ఆ గుడ్డ ఉయ్యాల, అమ్మ వీపు కిందా తొడల కిందా ముడతల్లేకుండా పరచు. నాలుగు పట్టీలూ లిఫ్టు కొక్కేలకి తగిలించు. కుర్చీకి బ్రేకు వెయ్యి. ఎప్పుడూ ఇద్దరుండాలి. లిఫ్టు పంపు కొడుతుంటే మంచం మీంచి బెత్తెడు లేవగానే ఆపి పట్టీలు చూడు. ఆ ఒక్క నిమిషం దగ్గర పిసినారితనం చెయ్యకు. ఈ వయసులో పడితే ఆవిడ మళ్లీ కోలుకోదు.

పక్షవాతంతో అమ్మకి మాట పోయింది గానీ తెలివి పోలేదు. ఏం చేస్తున్నావో చెప్పి ఎత్తు.

నీ బుల్లి

బుల్లీ,

ఆయా ఉద్యోగానికే ఇన్ని ఉపదేశాలా! డాక్టరువైతే మమ్మల్ని బతకనిచ్చేదానివి కాదే.

మీ బావ లారీ ఎక్కితే మూడేసి రోజులు ఇల్లు చూడడు. రెండోమనిషిని ఎక్కణ్ణుంచి తేను? ఒక్కదాన్నే చేస్తున్నాను. శుభ్రం విషయంలో మాత్రం నాకు వంక పెట్టలేవు. రోజూ స్లింగుని బ్లీచింగు వేసి, సలసల మరిగే నీళ్లలో ఉడకబెట్టి ఆరేస్తున్నాను. మల్లెపువ్వల్లే ఉంది.

బెంగల్లా అమ్మతోనే. నాలుగు రోజులుగా మొండికేస్తోంది. ఎత్తబోతే చాలు, బాగున్న ఎడమచేత్తో భుజం దగ్గరి పట్టీ పట్టుకుని వదలదు. ఒకటే మూలుగు. వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఎత్తుతున్నాను. నిన్న విసుగొచ్చి ఆ చేతిమీద ఒక్కటి వేశాను. తర్వాత స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తిప్పి మనల్ని పెంచిన చెయ్యి అది. ఈవిడకి ఇంత భయమేమిటే?

నీ అక్క

అక్కా,

నీ ఉత్తరం ఇప్పుడే చూశాను. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆ స్లింగుతో అమ్మని ఎత్తకు. ఉడకబెట్టి బ్లీచింగు వేస్తే దారం చచ్చిపోతుంది. పైకి తెల్లగా మెరుస్తుంది, లోపల పీచు. ఎలా ఉతకాలో రాయకపోవడం నా తప్పే.

ఫోను మోగినా నీకు వినపడదు. బావ ఎత్తడం లేదు. మా అంబులెన్సు డ్రైవరు మీ వీధి మీంచే వెళ్తున్నాడు, అతని చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. కొత్త స్లింగు వచ్చేదాకా అమ్మని మంచం మీదే ఉంచి పక్కలు మారుస్తూ ఉండు.

బుల్లి

బుల్లీ,

నీ చీటీ వచ్చేసరికి అమ్మ గాల్లో ఉంది.

బెత్తెడే లేపాను. తలుపు బాదుతున్నది నాకు వినపడలేదు. అమ్మ మూలుగు ఆపి గుమ్మం వైపు చూసింది. ఎవరో వచ్చారని దించి వెళ్లాను.

చీటీ చదివి పరిగెత్తుకొచ్చేసరికి అమ్మ వేళ్లు మళ్లీ ఆ పట్టీ మీదే ఉన్నాయి. ఈసారి విడదీయలేదు. అమ్మ బొటనవేలు ఎక్కడ రుద్దుతోందో చూశాను. అక్కడ కుట్టు సగానికి పైగా విడిపోయి ఉంది. అమ్మ కింద నుంచి స్లింగు తీసి రెండు చేతులా గుంజితే పట్టీ ఊడి నా చేతికొచ్చింది.

ఆవిడ భయంతో పట్టుకోలేదే. నాలుగు రోజులుగా నాకు కుట్టు చూపిస్తోంది! నేనేమో ఆ చేతినే కొట్టాను. చెవులే అనుకున్నాను, నాకు కళ్లూ పోయాయి. ఆ చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే నా జాకెట్టు అంచు తడిమి మొహం చిట్లించింది. అది నేను కుట్టుకున్నది.

కొత్త స్లింగు అందింది. చల్లనీళ్లలోనే ఉతుకుతున్నాను. ఎత్తేటప్పుడు పక్కింటావిడ వస్తోంది. ముందు నాలుగు పట్టీలూ అమ్మ చేతికిస్తాం. తడిమి చూసి ఆవిడ తల ఊపితేనే పంపు ముట్టుకుంటాను. నిన్న నాలుగోది మళ్లీ ఇమ్మని చెయ్యి చాపింది. మళ్లీ ఇచ్చాం.

రెండోమనిషిని ఎక్కణ్ణుంచి తేను అని రాశాను కదూ. మంచం మీదే ఉందే.

నీ అక్క