మెత్తచెవికి రెండో సాక్షి

చెంగ్డూ, 1999 మార్చి 3

వాడుకమాటల సేకరణ కార్యాలయం వారికి, పట్టుమిల్లులో పనిచేసి రిటైరైన తావ్ సూచ్యోంగ్ నమస్కారాలు.

మీ సందుల్లో మనుషుల్నీ వస్తువుల్నీ ఏమని పిలిచేవారో రాయమని పేపర్లో వేశారుగా, ఇవిగో. చదరపు బుర్ర: ఎంత చెప్పినా వినని మనిషి. గుమ్మడిగాడు: తెలివితక్కువవాడు. మెత్తచెవి: పెళ్లాం మాట జవదాటని మగాడు. ఆవిణ్ణి కూర్చోబెట్టుకోడానికి పక్కన సీటు బిగించిన అతని సైకిలూ మెత్తచెవే. ఉదాహరణ: పాత సందులో మా పక్కింటి లువో షిగ్వెయ్.

ఇట్లు,
తావ్ సూచ్యోంగ్

తా.క. మొదటి రెండు మాటలకీ ఉదాహరణ ఆయనే.

మార్చి 9

గౌరవనీయులైన తావ్ గారికి,

చాలా సంతోషం. అయితే ప్రతి మాటకీ మీ సందువాళ్లే ఇంకొకరు సాక్షిగా వేలిముద్ర వేయాలి. గత ఐదేళ్లలో ఆ మాట వాళ్ల చెవిన పడి ఉండాలి. లేకపోతే పుస్తకంలోకి ఎక్కదు. గడువు నెలాఖరు.

విధేయుడు,
ఫూ

మార్చి 13

ఫూ నాయనా,

సందు పడగొట్టి ఆరేళ్లయింది. అందరూ తలోదిక్కూ పోయారు. మిగిలింది నేనూ, ఎదురు బ్లాకులో లువో అన్నా. ఆయన నాతో మాట్లాడి ఎనిమిదేళ్లు. వాళ్లావిడ గ్వేజెన్ నాకు ప్రాణస్నేహితురాలు. అది పోయిన రోజు ఆయన ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే చూడలేక, నవ్విద్దామని, "ఏం మెత్తచెవీ, ఇంక ఎవరి మాట వింటావ్?" అన్నాను. నా నోరు పడిపోనూ! లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వేలిముద్ర అడగను? ఆ మాట వదిలేయండి.

తావ్ పిన్ని

తా.క. ఇదంతా ఆయనకి తెలియనివ్వకు.

మార్చి 18

తావ్ గారికి,

మీ ఇద్దరికీ తగాదా ఉందని గ్రహించాము. నిబంధన ప్రకారం మీ ఉత్తరాల నకళ్లు లువో గారికి పంపి, అభ్యంతరాలుంటే రాయమన్నాము.

ఫూ

తా.క. మీ తా.క. పోస్టు చేశాక చూశాను.

మార్చి 20

ఓరి గుమ్మడిగాడా!

కిటికీ తెరలు దించుకుని కూర్చున్నాను. కూరగాయలకి కూడా కిందికి దిగడం లేదు. ఆ రెండో మాట దగ్గర లువో అన్న పేరు కొట్టేసి నీ పేరు రాసుకో!

తావ్

తా.క. ఆయనేమైనా రాశాడా?

మార్చి 26

తావ్ పిన్నీ,

పేరు మార్చాను. సాక్షులు మీ సందువాళ్లే కావాలని మొత్తుకున్నా వినకుండా, మా ఆఫీసులో పదకొండుమంది వేలిముద్రలు వేసేశారు.

లువో గారి జవాబు ఉన్నదున్నట్టు ఇదీ:

"అయ్యా, నాకు కోపం లేదు. ఆవేళ ఇంకొక్క క్షణం అక్కడుంటే అందరి ముందూ ఏడ్చేసేవాణ్ణి. తర్వాత సూచ్యోంగే నన్ను చూసి దారి మార్చుకునేది. వేలిముద్ర మాత్రం వేయలేను. ఐదేళ్లని మీరే అన్నారు. ఆ మాట నా చెవిన పడి ఎనిమిదేళ్లయింది. గ్వేజెన్ మొగుడినని ఇప్పుడు నన్నెవరూ ఏడిపించడం లేదు. సూచ్యోంగ్‌ని వచ్చి ఇంకొకసారి అనమనండి. నేను ఇంట్లోనే ఉంటాను."

గడువింక ఐదు రోజులే ఉంది పిన్నీ. బయల్దేరండి.

ఫూ