మేనత్త మాట

మాంగెరె,
ఆదివారం సాయంత్రం

తమ్ముడు కిటియోనెకు,

అక్క ఆశీస్సులు. కలిసినప్పుడల్లా గోడకు అటు నువ్వు, ఇటు నేను కూర్చుని ఇంత వయసు వచ్చాక ఇప్పుడీ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో, నవ్వుకో. ఈ మాటలు నీ భార్య లూపె నోట పంపేవి కావు. మన టోంగావాళ్ళలో అక్కాతమ్ముళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒంటి సంగతులు మాట్లాడుకోరు. కాగితానికి కూడా ఆ కట్టుబాటు ఉందేమో పాస్టరు గారిని అడగాల్సింది. వద్దంటారేమోనని అడగలేదు.

ఈ మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి వంటింట్లో నేను చేమాకు పొట్లాలు విప్పుతుంటే లూపె లోపలికి వచ్చింది. పాస్టరు గారి భార్య కూడా అక్కడే ఉంది.

"వదినా, మీ తమ్ముడు అడిగి రమ్మన్నాడు. మోకాలు మార్చడానికి తారీఖు ఇచ్చారుగా. ఇరవై ఏళ్ళకు పైగా మింగిన నొప్పి మాత్రలే నా మోకాలి గుజ్జు తినేశాయా, అక్కకు తెలుస్తుంది కనుక్కో అంటున్నాడు."

"తినెయ్యడానికి అవేమన్నా చెదపురుగులా? ముందు ఈ పళ్ళెం పట్టుకెళ్ళు, చల్లారిపోతోంది," అన్నాను. పాస్టరమ్మ పడీ పడీ నవ్వింది. అవతల నువ్వు నవ్వలేదని లూపె తర్వాత చెప్పింది. అప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

నువ్వు అడిగినదానికి సరైన జవాబు ఇప్పుడు చెబుతాను. ఆపరేషన్లలో తీసేసిన మోకాళ్ళ గుజ్జు ముక్కలు మా ల్యాబ్‌కి వస్తాయి. వాటికి పేర్లుండవు, నంబర్లే. వాటిలో ఇంకా బతికున్న కణాలను విడదీసి చిన్న పళ్ళేల్లో పెంచుతాం. గుజ్జును అల్లేది ఆ కణాలే. వాపు తెచ్చే పదార్థం ఒక్క చుక్క వేశామంటే, పాపం, తాము కట్టుకున్న ఇంటిని తామే కూల్చుకుంటాయి. అప్పుడు నొప్పి మాత్రల్లో ఉండే మందు వేసి చూస్తాం. ఒక రకం మందుకు తేరుకుంటాయి. ఇంకో రకానికి, మోతాదు పెరిగేకొద్దీ, కొత్త గుజ్జు అల్లడం తగ్గించేస్తాయి. చావవు, అలిగిన వంటమనిషిలా ఊరికే కూర్చుంటాయి. కానీ పళ్ళెం వేరు, మోకాలు వేరు. పళ్ళెం మీద నిలబడి ఎవరూ రగ్బీ ఆడరు. నీ గుజ్జును మాత్రలు తిన్నాయో, వాపు తిన్నదో, నొప్పి తెలియకుండా నువ్వు ఆడిన ఆటలు తిన్నాయో నాకు తెలియదు. ఇంత చదువుకుని తెలియదనడానికి సిగ్గుగానే ఉంది. అయినా నిన్ను ఊరడించడానికి అబద్ధం చెప్పలేను.

నాకు బాధ కలిగించింది మరొకటి. నువ్వు ఇన్నేళ్ళు ఆ మాత్రలు మింగావని నాకు ఈరోజే తెలిసింది. చర్చికి వచ్చే ముసలమ్మలందరూ గౌను పైకెత్తి మరీ నాకు మోకాళ్ళు చూపిస్తారు. నా తోడబుట్టినవాడి కాలు మాత్రం నేను చూడకూడదు, అడగకూడదు. ఆ మర్యాద నాకు చాలా ఇచ్చింది, కాదనను. కానీ ఈరోజు వంటింట్లో నిలబడి, ఆ మర్యాద మనిద్దరి దగ్గరా ఏం తీసుకుందో లెక్కచూసుకుంటే ఏడుపొచ్చింది.

ఇక సేయిని సంగతి. నీ కూతురి మోకాలు వాచి ఉందని దాని నడకలోనే తెలిసిపోతోంది. శనివారం రగ్బీ ఫైనల్‌కి నొప్పి తెలియని సూది వేయించుకుని ఆడతానని నాతో గొప్పగా చెప్పింది. దేశం జట్టుకు ఎంపిక చేసేవాళ్ళు వస్తున్నారట. మేనత్త మాటకు మనలో అడ్డులేదు. ఇన్నేళ్ళలో ఆ హక్కు నేనెప్పుడూ వాడలేదు, ఇప్పుడు వాడబోతున్నాను. శుక్రవారం వచ్చి, ఆడవద్దని దాని మొహం మీదే చెబుతాను. అది నన్ను జన్మంతా తిట్టుకున్నా సరే. నువ్వు అడ్డు రాకు.

ప్రేమతో, గోడకు ఇవతల నుంచి,
నీ అక్క ఫుసి

*

మాంగెరె,
గురువారం

అక్కకు,

నా రాత కోడి గీకినట్టుంటుంది, ఓపిగ్గా చదువుకో. నీ ఉత్తరం లూపె చదవబోతుంటే లాక్కున్నాను. "అక్కాతమ్ముళ్ళకు రహస్యాలు కూడానా!" అని రెండ్రోజులుగా దెప్పుతూనే ఉంది.

ఆ మాత్రలు నాకు ఏ డాక్టరూ రాయలేదు. ఓఫా అత్త ఇచ్చింది. మన నాన్న చెల్లెలి కీళ్ళవాతం నీకు గుర్తుండే ఉంటుంది, చర్చికి వచ్చినా చేతిసంచిలో మాత్రల డబ్బా గలగలలాడేది. నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, చర్చి జట్టు ఫైనల్ ముందు, నా మోకాలు బొప్పాయంత వాచింది. నేను ఆడనని చెప్పేశాను. అత్త మైదానం గట్టు మీదికే వచ్చింది.

"మా అన్న కొడుకు కుంటుతూ కూర్చుంటాడా? ఇదిగో, నా ముసలి కీళ్ళనే లేపిన మాత్ర, నిన్ను లేపదా? మింగు నాన్నా!"

మేనత్త చేత్తో ఇచ్చింది వద్దనే మగాడు మనలో పుట్టాడా? మింగాను. నొప్పి ఎటు పోయిందో పోయింది. మేం గెలిచాం. అత్త మర్యాదకు నడుముకు చుట్టుకునే చాపతోనే మైదానంలోకి దిగి నాట్యం చేసింది. తర్వాత ప్రతి ఆటకూ ఆ చెయ్యి నా ముందు తెరుచుకునేది. ప్రేమతోనే, అక్కా. ఆవిడ పోయాక నేనే కొనుక్కున్నాను. పోయిన మనిషి మీద నింద పడకూడదని ఎవరికీ చెప్పలేదు. ఇదంతా నీకు అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడు మెట్టు ఎక్కిన ప్రతిసారీ అనిపిస్తుంది.

అందుకే నీ ఉత్తరం చివర చదివి భయపడ్డాను. అత్త మింగమంది, నువ్వు ఆడవద్దంటావు. ఆవిడది తప్పు, నీది ఒప్పు, అంతవరకు నిజమే. కానీ రెండూ కాదనడానికి వీల్లేని మాటలే. సేయిని నీ మాటకు ఆగిపోతుంది. మళ్ళీ నొప్పి వచ్చినప్పుడు మాత్రం నీ దగ్గర దాస్తుంది. దాచడమెలాగో నాకు తెలుసు.

నిన్న పొద్దున దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ప్యాంటు పైకి మడిచి కాలు వంచి చూపించాను.

"అమ్మో, ఏంటి నాన్నా ఆ చప్పుడు! తలుపు బందుకి నూనె లేనట్టుంది."

"ఓఫా అత్త మాత్రలతో గెలిచిన కప్పులు తల్లీ ఇవి," అని మొత్తం చెప్పాను.

కాలు ఇంకోసారి వంచమంది. తర్వాత, "ఫుసి అత్త ఏమంటోంది? ఇలా చేసినవి మాత్రలేనా?" అంది.

"తనకు తెలియదంటోంది."

"అత్తకు తెలియకపోవడమేంటి? అత్తకు అన్నీ తెలుసుగా!"

నన్ను ఎదిరించడానికి సిద్ధంగా ఉన్న పిల్ల, నీకు తెలియదన్న ఆ ఒక్క మాటకు బెదిరిపోయింది. మధ్యాహ్నం తనంతట తానే డాక్టరు దగ్గరికి వెళ్ళి, సూది సంగతి తర్వాత, ముందు లోపల ఏముందో చూడండి అందట. చూశారు. ఎముకలను కలిపి కట్టే లిగమెంట్ సగం తెగి ఉంది. సూది పడితే నొప్పి తెలియక శనివారం మిగతా సగం కూడా తెంపుకునేది. ఎంపికా లేదు, ఆటా లేదు. నాతో మాట్లాడటం మానేసి గదిలో ఏడుస్తోంది. శుక్రవారం రా అక్కా, కానీ అత్తగా ఆజ్ఞ ఇవ్వడానికి కాదు. దాని పక్కన కూర్చో చాలు.

ఆసుపత్రివాళ్ళు ఇంకో సంగతి అడిగారు. తీసేసే మోకాలు ముక్క ఇంటికి తీసుకెళ్ళి పాతిపెట్టుకుంటారా, ల్యాబ్‌కి ఇచ్చేస్తారా అని. పెరట్లో పాతేద్దామని లూపె అంది. నేను ల్యాబ్‌కని సంతకం పెట్టాను. నంబరుకు అక్కాతమ్ముళ్ళు ఉండరు కదా. ఏది నాదో నీకు తెలియదు, తెలియకూడదు కూడా. అందుకని వచ్చిన ప్రతి ముక్కనీ కాస్త దగ్గరగా చూడు.

గోడకు అవతల నుంచి,
నీ తమ్ముడు కిటియోనె