చెప్పకుండానే తెలియాలనుకున్నాను

భార్గవక్కా,

నేను పెళ్లి వద్దన్నందుకు నాన్న నితీష్‌ను తిడుతున్నారట. అతని తప్పేమీ లేదని ఆయనకు నువ్వే చెప్పాలి.

నాకు జ్వరమొచ్చిన వారం అతను కొండాపూర్‌లో మా హాస్టల్ వైపే రాలేదు. నేనూ చెప్పలేదు. ప్రేమ ఉంటే చెప్పకుండానే తెలియాలనుకున్నాను. ఆ కోపంలోనే ఇంటికి ఫోన్ చేసి పెళ్లి వద్దన్నాను. తర్వాత రాయదుర్గం మెట్రో దగ్గర అతన్ని నిలదీశాను.

"నీకు జ్వరమని నాకెట్ల తెలుస్తది? అమ్మకు ఆపరేషనని చెప్పిన గదా. వారమంతా దవాఖానలనే ఉన్న," అన్నాడు.

నిజంగానే చెప్పాడు. నేనే మరిచిపోయాను. మూడేళ్లుగా అతను నన్నెంత పట్టించుకుంటున్నాడో చూశానే తప్ప, నేనతన్నెంత పట్టించుకుంటున్నానో చూసుకోలేదక్కా.

క్షమించమన్నాను. "జర టైమియ్యి," అన్నాడు. ఎన్నాళ్లని అడగలేదు. చివరికి అతనే పెళ్లి వద్దన్నా ఎవరూ ఏమీ అనొద్దు.

నీ చెల్లెలు