మేకుకి తగిలించిన రిమోట్

చిరంజీవి సౌభాగ్యవతి కూర్మమ్మను అన్నయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ మీ వదిన జగ్గమ్మా కులాసా. మీ ఆయన అప్పలసూరి బావ మరీ కులాసా. కులాసాగా లేనిది నా వరి ఒక్కటే. నీకు ఫోనులో మాట వినపడదు గనక ఇంతా రాయవలసి వస్తోంది.

నీ కూతురి పురిటికని వెళ్లావు, పాతపట్నంలో చలి మొదలైందా? భారతికి పాలు చాలడం లేదన్నావు. తెలగపిండి కూర పెట్టమని మీ వదిన మాట.

ఇక నువ్వడిగిన రిమోట్ సంగతి. అరుగు మీద మేకుకి తగిలించి ఉంటుందే, పొలంలో మోటారు వేసేది, అదే. కొత్త సెల్లులు వేసినా వారం తిరక్కుండా చప్పబడిపోతున్నాయి. ముందు వాటిని ఎండలో పెట్టాను. మన నాన్న రేడియో సెల్లులకి చేసిన వైద్యం అదే కదా. వార్తలయ్యేదాకా బతికేవి, పాటలొచ్చేసరికి చచ్చేవి. తరువాత గజపతినగరం వెళ్లి కొట్టు ధనరాజుతో దెబ్బలాడాను. "సెల్లులు మంచివే తాతా, నీ రిమోటే తాగేస్తన్నాది" అన్నాడు. విప్పి చూస్తే దసరాకి మీ వదిన పెట్టిన పసుపు స్ప్రింగుల దాకా దిగి ఉంది. గీకేశాను. "పనిముట్టుకి పూజ సెయ్యొద్దేటి?" అని ఆవిడ మూతి ముడుచుకుంది. ప్లాస్టిక్ కవరుకి వేసిన రబ్బరు బ్యాండు మీటని నొక్కేస్తోందేమోనని అదీ తీసేశాను. ఇంత వైద్యానికీ పక్కన కూర్చుని టార్చి పట్టింది మీ ఆయనే. "డూప్లికేట్ సెల్లులు బావా, మార్సీ" అనేవాడు.

మొన్న మధ్యాహ్నం దోమ కుట్టి నిద్ర చెడింది. చూద్దును కదా, మేకుకి రిమోట్ లేదు. ఎదురుగా పొలంలో మీ మడి గట్టు మీద బావ చెయ్యి పైకెత్తి, నా మోటారు గదికి హారతి ఇస్తున్నట్టు నిలబడ్డాడు. అంత దూరాన్నుంచి ఊరికే నొక్కితే అందదు, మీట వదలకుండా పట్టుకోవాలి. సెల్లులు చచ్చేది అక్కడ! మోటారు అందుకుంది. నీళ్లు మీ మడిలోకి మళ్లాయి. పొట్ట మీదున్న నా పైరు నెర్రెల్లో నిలబడి చూస్తోంది.

"ఏటి బావా ఇది?" అన్నాను గట్టు దాకా వెళ్లి.

"పడుకోలేదేటి బావా? సెల్లులెలాగున్నాయో సూస్తన్నాను" అన్నాడు.

అడిగితే ఇవ్వనా కూర్మమ్మా?

నీకు తెలిస్తే కుంగిపోతావని ఇది రాయకూడదనే అనుకున్నాను. నిన్న నీ ఉత్తరం అందింది. "అన్నియ్యా, మా గట్టు కాణ్నుంచి నొక్కితే సేనాసేపు పట్టుకోవాలట, కొత్త రిమోట్ కొనుక్కోరాదా" అని రాశావు. మీ గట్టు మీంచి నేనేనాడూ నొక్కలేదు తల్లీ. బావ ఒక్కడే అనుకున్నాను. నువ్వూ ఎరుగుదువు. అది చదివాక అన్నం సహించలేదు.

రిమోట్ ఇప్పుడూ ఆ మేకుకే ఉంది. సెల్లులు నా జేబులో ఉన్నాయి. మీ మడికి నీళ్లు కావలసినప్పుడు నన్ను నిద్ర లేపి అడగమను.

ఇట్లు,
నీ తోడబుట్టినవాడు,
జగన్నాధం