మూడు పిడికిళ్ళ మట్టి

తెర్మెజ్

అత్తయ్యగారికి, మీ అల్లుడు మురాద్ సలాములు.

మస్తూరా పోయిన రోజు ఎలా గడిచిందో మీకెవరూ సరిగా చెప్పి ఉండరు. నేను చెబుతాను.

పొద్దున గందనా ఆకుకూర కూరి బొలానీ రొట్టెలు చేసింది. నా చొక్కా ఇస్త్రీ చేసింది. తల నొప్పిగా ఉందని రెండుసార్లు అంది. ఆ రోజు నేను వీసా ఆఫీసుకి వెళ్ళాలి. చదువు అయిపోయింది. పళ్ళ కోల్డ్ స్టోరేజీలో ఇంజనీరు ఉద్యోగం దొరికింది. విద్యార్థి వీసాని పని వీసాగా మార్చమని దరఖాస్తు పెట్టి, పాస్‌పోర్టు అప్పగించాలి. గడువుకి అదే ఆఖరు రోజు. "ముందు డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను. "నిగార్ నాన్నా, ముందు ఆ పని చూసుకురా. నెరిసిన గడ్డంతో విద్యార్థినని నువ్వు కార్డు చూపిస్తుంటే వీధి మొదట్లో పోలీసు నవ్వాపుకోలేకపోతున్నాడు. నాకు సిగ్గేస్తోంది" అంది. తనూ నవ్వింది. నేను వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పొయ్యి దగ్గర పడి ఉంది. మెదడులో నరం చిట్లిందన్నారు ఆసుపత్రిలో. సాయంత్రం నమాజు వేళకి పోయింది. నిగార్ బడి నుంచి సరాసరి అక్కడికే వచ్చింది, పుస్తకాల సంచీ భుజానే ఉంది.

"నా బిడ్డని పరాయి మట్టిలో పెట్టొద్దు" అని మీరు ఫోనులో ఏడ్చారు. సరేనన్నాను. తనని తీసుకెళ్ళడానికి మీ అబ్బాయి సమద్ సరిహద్దు నది మీద వంతెన దాటి వచ్చాడు. నేను మాత్రం అటు రాలేదు. నాకు ఒళ్ళు కాలే జ్వరమని సమద్ మీతో చెప్పాడట.

నాకు జ్వరం లేదు అత్తయ్యా.

సరిహద్దు గేటు దాకా మస్తూరా ఉన్న పెట్టె మోశాను. అక్కడి అధికారి నా మొహం చూసి మెల్లగా చెప్పాడు: "అన్నా, అడిగితే పాస్‌పోర్టు తిరిగిచ్చేస్తారు. వెళ్ళొచ్చు. కానీ దరఖాస్తు రద్దవుతుంది, పాత వీసా కూడా పోతుంది. నువ్వూ మీ పాపా మళ్ళీ ఇటు రాలేరు." సమద్ నా భుజం పట్టుకుని గుంజాడు. "ఏం మనిషివయ్యా బావా! నీ పెళ్ళాన్ని ఊళ్ళోవాళ్ళు మోస్తుంటే నువ్విక్కడ నిలబడి చూస్తావా?" నిగార్ ఏడో తరగతి. అక్కడ, మన దేశంలో, ఇప్పుడు ఆడపిల్లకి ఏడో తరగతి లేదు. మస్తూరా, నేను ఇల్లూ వాకిలీ వదిలి వచ్చింది ఆ ఒక్క సంగతికే. పెట్టె మీంచి చెయ్యి తీసేశాను.

భర్తగా నేను వెయ్యాల్సిన మూడు పిడికిళ్ళ మట్టి వెయ్యలేదు. తిట్టాలనిపిస్తే తిట్టండి. జ్వరమొచ్చిందని జాలిపడకండి.

మీ మురాద్


మజార్

నాయనా మురాద్, దీవెనలు.

ఇది సమద్ కూతురు రాస్తోంది. బడి ఆగిపోయాక దస్తూరి పాడైంది, తప్పుపట్టకు.

జ్వరం కాదని నాకు ఆ రోజే తెలుసు. సమద్ అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి, చిన్నప్పటి నుంచీ అంతే. నిన్ను బాగా తిట్టాను. పరామర్శకొచ్చిన ఆడవాళ్ళు నాకంటే ఎక్కువ తిట్టారు, ఆపలేదు. "పెళ్ళాన్ని సామానులా లారీలో వేసి పంపాడు" అంది మీ పెద్దమ్మ. ఆవిడకి మాత్రం టీ ఇవ్వలేదు.

నీ వంతు మట్టి ఎవరినీ వెయ్యనివ్వలేదు. గిన్నెలో పోయించి నా గదిలో పెట్టుకున్నాను. నలభయ్యో రోజుకి వచ్చి వెయ్యి. నిగార్‌ని తీసుకురా. దాని మొహంలో నా కూతుర్ని చూసుకోవాలి. చూశాక తిరిగి పంపుతానా అంటే, ప్రమాణం చెయ్యను. నా మాట మీద నాకే నమ్మకం లేదు.

మీ అత్త జులైఖా


తెర్మెజ్

అత్తయ్యగారికి సలాములు.

పని వీసా నిన్న చేతికొచ్చింది. ఇక నేను విద్యార్థిని కాను. ఆఫీసు మెట్ల మీదే ఆ మాట చెప్పాలని మస్తూరాకి ఫోను చేశాను. తన ఫోను నా జేబులోనే మోగింది.

ఈ వీసాతో అటు వచ్చి మళ్ళీ ఇటు రావచ్చు. నిగార్‌ని ఇక్కడే ఉంచి నేనొక్కణ్ణీ వద్దామని సంచీ సర్దుకున్నాను. అది గుమ్మంలో నిలబడి చూసింది.

"నాన్నా, నువ్వు అటెళ్ళాక వంతెన మూసేస్తే?"

"మూయరులే."

"అమ్మ కూడా ఉట్టి తలనొప్పేలే అంది."

సంచీ విప్పేశాను. ఇక్కడ దానికి నేను తప్ప ఎవరూ లేరు.

అప్పుడు గేటు ఆపింది. ఈసారి నన్నెవరూ ఆపలేదు, నేనే రావడం లేదు. నిగార్‌నీ పంపను. మీరు నిజం రాశారు, అందుకే పంపను. మీ మీద కోపం లేదు.

ఈ ఉత్తరం లారీ డ్రైవరు ఎర్గష్ ఈ సాయంత్రమే మీకిస్తాడు. రేపే నలభయ్యో రోజు. గిన్నె ఇచ్చి సమద్‌ని గేటు దగ్గరికి పంపండి. ఆ మట్టి మూడుసార్లు పిడికిట్లోకి తీసుకుని మళ్ళీ గిన్నెలోనే వేస్తాను. సమద్ తీసుకెళ్ళి మస్తూరా సమాధి మీద తల వైపు పోస్తాడు. అలా చెల్లుతుందా అని ముల్లాని అడగకండి.

రేపు పొద్దున నిగార్‌ని బడిలో దింపి, నమాజుకి ముందులా కాళ్ళూ చేతులూ మొహం కడిగి వజూ చేసుకుని, గేటు దగ్గరికి వస్తాను.

మీ మురాద్